ఫ్రిజ్‌లోని చిన్న సీసాలు: గ్రోత్ హార్మోన్ పెప్టైడ్లు వాడిన ఒక రోగి కేస్ స్టడీ

రాత్రి రెండు, మూడు గంటల వేళ రెండు చేతులూ తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, కాసేపు విదిలిస్తే గాని స్పర్శ తిరిగి రావడం లేదని 46 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు హైదరాబాద్‌లో ఎముకల వైద్యుడిని కలిశారు. నరాల పరీక్షలో రెండు మణికట్ల దగ్గరా నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ ఉన్నట్లు తేలింది. వేళ్లు లావెక్కడం, ఉంగరం ఊడి రాకపోవడం గమనించిన ఆ వైద్యుడు అంతటితో ఆగకుండా, ఒంట్లో గ్రోత్ హార్మోన్ ఎంత పనిచేస్తోందో తెలిపే ఐజీఎఫ్-1 పరీక్ష రాశారు. అది మిల్లీలీటరుకు 412 నానోగ్రాములు వచ్చింది. ఆ వయసుకు ఆ ల్యాబ్ ఇచ్చిన గరిష్ఠ పరిమితి 216. ‘ఎక్రోమెగలీ కావచ్చు, దయచేసి చూడండి’ అన్న చీటీతో ఆయన హార్మోన్ల వైద్యుడినైన నా దగ్గరికి వచ్చారు. ఎక్రోమెగలీ అంటే, సాధారణంగా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోని కణితి వల్ల, గ్రోత్ హార్మోన్ మితిమీరి చేతులు, పాదాలు, ముఖం ఎముకలు పెరిగే జబ్బు.

రోగి అనుమతితో, ఆయనను గుర్తుపట్టే వివరాలు మార్చి, ఈ కేసును మొదటి నుంచీ రాస్తున్నాను. మన పిట్యూటరీ గ్రంథి చేతనే ‘సహజంగా’ గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) ఇంజెక్షన్ల గురించి అడిగేవారు నా ఓపీలో పెరిగారు. వారికి నేను చెప్పవలసినది చాలావరకు ఈ కేసులోనే ఉంది.

మొదటి రోజు

ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు, నడుము చుట్టుకొలత 108 సెంటీమీటర్లు, రక్తపోటు 148/94. తండ్రికీ, అన్నయ్యకూ షుగర్ ఉంది. ఉంగరపు వేలిని దగ్గరగా చూశాను. ఉంగరానికి రెండు వైపులా చర్మం ఉబ్బి, బంగారం గాడిలో కూరుకుపోయినట్లుగా ఉంది. కానీ నొక్కి చూస్తే నీరు పట్టిన ఒంటిలాగా మెత్తగా తగిలింది తప్ప, ఏళ్ల తరబడి ఎక్రోమెగలీ ఉన్నవారి చేతుల్లో తెలిసే ముద్దలాంటి దళసరితనం లేదు. పాత ఫోటోలు చూపించమని అడిగాను, ఈ జబ్బును అనుమానించినప్పుడు ఎవరినైనా అడుగుతాము. ఆయన భార్య ఫోన్‌లో పెళ్లి ఫోటోలు తీసి చూపించారు. ముఖం కాస్త నిండింది గాని, దవడ ముందుకు రాలేదు, కనుబొమల ఎముక పెరగలేదు, పళ్ల మధ్య సందులు రాలేదు. చెప్పుల సైజు పదిహేనేళ్లుగా తొమ్మిదే. తిమ్మిర్లు, వేళ్ల వాపు, చెమటలు, రాత్రి పదకొండు దాటాక వచ్చే విపరీతమైన ఆకలి అన్నీ గడచిన ఐదు నెలల్లోనే మొదలయ్యాయి. గురక మాత్రం ఆరేళ్ల నుంచీ ఉందని ఆమె చెప్పారు.

“ఏ మందులు వాడుతున్నారు?” అని అడిగాను. “ఏమీ లేవండి” అన్నారు. కేస్ షీట్‌లో ‘మందులు: లేవు’ అని రాసుకున్నాను. ఆ ప్రశ్నను నేను సరిగ్గా అడగలేదని మూడు వారాల తర్వాత గాని నాకు తెలియలేదు.

పరీక్షల ఫలితాలు ఒకటొకటిగా వచ్చాయి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల పాటు గ్రోత్ హార్మోన్‌ను కొలిస్తే, ఆరోగ్యవంతుల్లో అది మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కన్నా కిందికి, ఇప్పటి సున్నితమైన పద్ధతుల్లో కొలిస్తే 0.4 కన్నా కిందికి దిగాలి. ఆయనలో అది 1.3 దగ్గరే ఆగిపోయింది. అదే పరీక్షలో రెండు గంటల షుగర్ 212 వచ్చింది. ఎనిమిది నెలల కిందట ఆఫీసు హెల్త్ చెకప్‌లో 5.9 ఉన్న, గత మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 6.8. థైరాయిడ్, కార్టిసాల్, ప్రొలాక్టిన్ సరిగానే ఉన్నాయి. ఎంఆర్ఐలో పిట్యూటరీ ఎడమ పక్కన 4 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది.

ఈ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పిట్యూటరీ కణితి అనే నిర్ణయానికి రావడం చాలా తేలిక. న్యూరోసర్జన్ అపాయింట్‌మెంట్ కూడా ఖరారైంది. నాకు మాత్రం రెండు విషయాలు పొసగలేదు. అంత చిన్న మచ్చలు ఏ జబ్బూ లేనివారిలో కూడా, ఇంచుమించు పదిమందిలో ఒకరికి, వేరే కారణంతో ఎంఆర్ఐ తీసినప్పుడు బయటపడుతుంటాయి. కనుక మచ్చ ఉన్నంత మాత్రాన అదే దోషి అనలేము. ఇక రెండవది కాలం. ఎక్రోమెగలీ ఏళ్ల మీద, ఇంట్లోవారు కూడా గుర్తించలేనంత నిదానంగా వచ్చే జబ్బు. ఐదు నెలల్లో ఇంత వేగంగా, అదీ ఎముకలను తాకకుండా మెత్తటి కణజాలంలో మాత్రమే వచ్చిన మార్పుకు కారణం బయటి నుంచి వచ్చి ఉండాలి. అందుకే సర్జన్ దగ్గరికి పంపే ముందు మళ్లీ పిలిపించి, ఈసారి ప్రశ్న మార్చాను: “మందులనే కాదండి, సూదిగా గాని, పొడిగా గాని, చుక్కలుగా గాని, జిమ్‌లో ఇచ్చినది గాని, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది గాని ఏమైనా తీసుకుంటున్నారా?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. పక్కనే ఉన్న భార్య అన్నారు: “డాక్టర్ గారూ, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల చిన్న చిన్న సీసాలు పెడతారండి ఈయన. ఏంటివి అంటే విటమిన్లు అంటారు. రాత్రి పడుకునే ముందు పొట్టకు గుచ్చుకుంటారు.”

సీసాలు, సిరంజిలు

మర్నాడు ఆయన ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కలు వేసి ఆ సీసాలను తెచ్చారు. చిటికెన వేలంత గాజు సీసాలు, అడుగున తెల్లటి పొడి. లేబుల్ మీద ‘సీజేసీ-1295, 5 మి.గ్రా.; ఇపామోరెలిన్, 5 మి.గ్రా.’ అని, దాని కింద చిన్న అక్షరాల్లో ‘పరిశోధన కోసం మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని ఉంది. తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ వివరాలు లేవు. కొన్నాళ్ల కిందట ఒక వెల్‌నెస్ కేంద్రంలో పగటిపూట ఒక్కసారి తీసిన రక్తంలో గ్రోత్ హార్మోన్ 0.05 వచ్చిందని, ‘మీలో హార్మోన్ అడుగంటింది, ఇవి మీ సొంత హార్మోన్‌నే పెంచుతాయి, బయటి హార్మోన్ కాదు కనుక ఎక్కువయ్యే అవకాశమే లేదు’ అని వారు చెప్పారని ఆయన వివరించారు. ఆ తర్వాత అదే పేరున్న సీసాలను ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. వాటిని ఆయన మందులుగా భావించలేదు కనుక, నా మొదటి ప్రశ్నకు ఆయన అబద్ధం చెప్పినట్లు కాదు.

ఆయన కలుపుకునే పద్ధతిని నా ముందు చేసి చూపించమన్నాను. సీసాలోకి 2 మిల్లీలీటర్ల నీరు ఎక్కించారు. అంటే మిల్లీలీటరుకు ఒక్కో మందు 2.5 మిల్లీగ్రాములు. ఇంటర్నెట్‌లోని ఒక లెక్కింపు పేజీ 250 మైక్రోగ్రాముల డోసుకు ‘10 యూనిట్లు లాగండి’ అని చెప్పింది. వారానికి ఐదు రాత్రులు ఆయన అలాగే లాగారు. కానీ ఆయన చేతిలోని సిరంజికి ఎర్ర మూత ఉంది.

షుగర్ రోగులకు ఇన్సులిన్ రాసే వైద్యులందరికీ ఈ మూత సంగతి తెలుసు. మన దేశంలో మెడికల్ షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం, నారింజ రంగు మూతది 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం. 100 యూనిట్ల సిరంజిలో 10 యూనిట్లంటే 0.1 మిల్లీలీటరు, 40 యూనిట్ల సిరంజిలో అదే 10 యూనిట్లంటే 0.25 మిల్లీలీటరు. విదేశీ పేజీలోని లెక్క నారింజ మూత సిరంజికి సంబంధించినది. షాపువాడు ఇచ్చినది ఎర్ర మూతది. ఆ విధంగా ఐదు నెలలుగా ఒంట్లోకి వెళ్లినది 250 కాదు, 625 మైక్రోగ్రాములు, రెండున్నర రెట్లు. ఇరవై డోసులు రావలసిన సీసా ఎనిమిదో రాత్రికే ఖాళీ అవుతుంటే, పొడి తక్కువ నింపారనుకుని అమ్మినవారికి ఫిర్యాదు చేశానని, వారు ఇంకో సీసా ఉచితంగా పంపారని ఆయన చెప్పారు.

‘సొంత హార్మోన్’ అన్న మాట

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన నమ్మిన మాటలో సగం నిజముంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి జీహెచ్ఆర్‌హెచ్ అనే 44 అమైనో ఆమ్లాల పెప్టైడ్ పిట్యూటరీకి చేరి గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. సొమాటోస్టాటిన్ అనే మరో పెప్టైడ్ దానిని ఆపుతుంది. జీర్ణాశయం నుంచి వచ్చే గ్రెలిన్, 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నది, వేరే తలుపు నుంచి వచ్చి విడుదలను పెంచుతుంది, ఆకలినీ పెంచుతుంది. సీజేసీ-1295 ఈ మొదటి దానికి అనుకరణ, ఇపామోరెలిన్ మూడవ దానికి. గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకే తీరుగా ప్రవహించదు. చెరువు కింది రైతులు వంతులవారీగా తూము ఎత్తి నీరు పెట్టుకున్నట్లుగా, కొద్దిసేపు ఉధృతంగా వచ్చి, మళ్లీ గంటల తరబడి దాదాపు ఆగిపోతుంది. అన్నిటికన్నా పెద్ద వంతు రాత్రి తొలి గాఢనిద్రలో వస్తుంది. రక్తంలో దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, ఇరవై నిమిషాలు మాత్రమే. అందువల్ల పగలు ఏదో ఒక క్షణంలో తీసిన రక్తంలో 0.05 రావడం తూము మూసి ఉన్న వేళను చెబుతుంది తప్ప, చెరువు ఎండిందని చెప్పదు. ఆ వెల్‌నెస్ కేంద్రం రిపోర్టులోనే ఐజీఎఫ్-1 కూడా ఉంది: 118. కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 రోజంతా నిలకడగా ఉంటుంది కనుక దానికి విలువ ఎక్కువ. అది ఆయన వయసుకు తగిన పరిధిలోనే, కాస్త దిగువన ఉంది. అంటే లోపం లేని చోట లోపానికి చికిత్స మొదలైంది.

వంతులు నిలిచినంతకాలం శరీరానికి తన తూమును మూసుకునే అవకాశం ఉంటుంది. ఐజీఎఫ్-1 పెరిగితే సొమాటోస్టాటిన్ పెరిగి విడుదల తగ్గుతుంది. పెప్టైడ్లు అమ్మేవారు భరోసాగా చూపించేది దీనినే. కానీ సీజేసీ-1295లో రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్‌కు అంటుకుని నిలిచేలా చేసిన రకానికి అర్ధాయువు ఆరు నుంచి ఎనిమిది రోజులు. 2006లో ప్రచురితమైన మానవ అధ్యయనాల్లో, ఒక్క ఇంజెక్షన్‌తోనే ఐజీఎఫ్-1 తొమ్మిది నుంచి పదకొండు రోజుల పాటు పెరిగి ఉంది. వంతులు పూర్తిగా పోలేదు గాని, వంతుకూ వంతుకూ మధ్య ఉండవలసిన అడుగు మట్టం పైకి లేచింది. దానికి తోడు గ్రెలిన్ తరహా మందు సొమాటోస్టాటిన్ పట్టును సడలిస్తుంది. రోగిలో ఉదయం గ్లూకోజ్ పరీక్షలోనూ హార్మోన్ దిగకపోవడాన్ని బట్టి, ఆ సీసాల్లో ఎక్కువకాలం నిలిచే రకమే ఉన్నదని నా అంచనా. షుగర్ పెరిగి ఉన్నప్పుడు కూడా ఆ పరీక్ష తప్పుదారి పట్టించగలదు కాబట్టి దానినొక్కదానినే పట్టుకుని తీర్పు చెప్పను.

సొంత హార్మోన్ కాబట్టి హద్దు దాటదనే మాటకు అసలైన సమాధానం జీహెచ్ఆర్‌హెచ్‌ను కనుగొన్న తీరులోనే ఉంది. 1982లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు దానిని మొట్టమొదట వేరుచేసినది మెదడు నుంచి కాదు, ఎక్రోమెగలీ వచ్చిన రోగుల క్లోమగ్రంథి కణితుల నుంచి. ఆ కణితులు గ్రోత్ హార్మోన్‌ను తయారు చేయలేదు; జీహెచ్ఆర్‌హెచ్‌ను ఎడతెగకుండా వదిలాయి. ఆ రోగుల ఒంట్లో పెరిగినది వారి సొంత పిట్యూటరీ నుంచి వచ్చిన, వారి సొంత హార్మోనే. ఈ సంగతి చెప్పినప్పుడు మా రోగి ఆ డబ్బా మూత మూసి నా బల్ల మీదే ఉంచేశారు.

ఈ తరగతి మందులన్నీ పనికిరానివని నేను అనడం లేదు. జీహెచ్ఆర్‌హెచ్‌లోని మొదటి 29 అమైనో ఆమ్లాలతో చేసిన సెర్మోరెలిన్‌ను 1997లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లల్లో గ్రోత్ హార్మోన్ లోపానికి ఆమోదించింది. తర్వాత తయారీదారు దానిని మార్కెట్ నుంచి ఉపసంహరించారు. హెచ్ఐవీ మందులు వాడేవారిలో పొట్టలోపల పేరుకునే కొవ్వుకు టెసమోరెలిన్‌ను 2010లో ఆమోదించారు. రోజుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 26 వారాలు ఇస్తే ఆ కొవ్వు సుమారు 15 శాతం తగ్గుతుంది, ఆపితే మళ్లీ చేరుతుంది. నోటితో తీసుకునే మాసిమోరెలిన్ 2017లో వచ్చింది, అది చికిత్సకు కాదు, పెద్దల్లో లోపాన్ని నిర్ధారించే పరీక్షకు. సీజేసీ-1295కు గాని, ఇపామోరెలిన్‌కు గాని ఎఫ్‌డీఏ ఏ జబ్బుకూ ఆమోదం ఇవ్వలేదు. వయసు మళ్లినవారికి బలం వస్తుందన్న ఆశ సంగతికి వస్తే, గ్రెలిన్ తరహాలోనే పనిచేసే మాత్ర ఎంకే-677ను 60 నుంచి 81 ఏళ్ల మధ్యనున్న 65 మందిలో రెండేళ్లు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలో కొవ్వు కాని శరీర భారం 1.1 కిలోలు పెరిగింది; బలం మాత్రం పెరగలేదు, పరగడుపు షుగర్ పెరిగింది. మన కుటుంబాల్లో షుగర్ ఎంత విరివిగా ఉందో తెలిసిన వైద్యుడిగా, నాకు ఈ చివరి మాటే అన్నిటికన్నా బరువైనది.

నిజంగా గ్రోత్ హార్మోన్ లోపించినవారు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ప్రసవంలో విపరీతంగా రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతిన్న తల్లులు, రక్తపింజర కాటుకు బతికి బయటపడి కొన్నేళ్లకు నీరసంతో వచ్చే రైతులు వారిలో ఉన్నారు. వారిలో గ్రంథే చచ్చిపోయింది. దానిని తట్టి లేపే పెప్టైడ్ వారికి ఉపయోగపడదు, అవసరమైతే హార్మోన్‌నే ఇవ్వాలి. గ్రంథి బాగున్న వ్యక్తి విషయంలో మొదట అడగవలసిన ప్రశ్న, అది ఎందుకు మందగించింది అన్నది.

చికిత్స

మా రోగిలో గ్రంథి కాస్త మందగించడానికి రెండు కారణాలు ఎదురుగానే ఉన్నాయి: పొట్ట కొవ్వు, ఆరేళ్ల గురక. పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ గ్రోత్ హార్మోన్ విడుదల తగ్గుతుంది. గాఢనిద్ర తెగిపోతుంటే అన్నిటికన్నా పెద్ద వంతు దెబ్బతింటుంది. నిద్ర పరీక్షలో ఆయనకు గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో, తగ్గడమో జరుగుతోందని తేలింది. ఇంజెక్షన్ల వల్ల నీరు పట్టి అది కొంత ముదిరి కూడా ఉండవచ్చు.

ఇంజెక్షన్లు ఆ రోజే ఆపించాను. సర్జన్‌తో మాట్లాడి అపాయింట్‌మెంట్ రద్దు చేయించాను. నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి పంపే సీపాప్ యంత్రం పెట్టించాము. మొదటి పది రోజులు మాస్కు ఊడబెరికేవారట, ముక్కుకు సరిపడే చిన్న మాస్కు మార్చాక అలవాటైంది. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చాను. రాత్రి భోజనం ఎనిమిది లోపల, అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్లు, కూరలు పెంచడం, వారానికి మూడు రోజులు బరువులతో వ్యాయామం, మిగతా రోజులు నడక. వ్యాయామం ఆయన అప్పటికే చేస్తున్నారు గాని, రాత్రి పదింటికి జిమ్‌కు వెళ్లి, పదకొండున్నరకు సూది వేసుకుని, ఆకలికి ఆగలేక పన్నెండింటికి పెరుగన్నం తిని, ఒంటిగంటకు పడుకునేవారు. ఆ వేళలు మార్చడానికే మాకు రెండు నెలలు పట్టింది.

ఫలితాలు

మూడో వారంలో ఉంగరం ఊడి వచ్చింది. ఆరో వారానికి రాత్రి తిమ్మిర్లు పోయాయి, మణికట్టు ఆపరేషన్ అవసరం రాలేదు. ఎనిమిదో వారంలో ఐజీఎఫ్-1 196కు దిగింది. పన్నెండో వారంలో మళ్లీ చేసిన గ్లూకోజ్ పరీక్షలో గ్రోత్ హార్మోన్ 0.2కు పడిపోయింది, దాంతో ఎక్రోమెగలీ అనుమానం తీరింది. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు 6.2, ఎనిమిది నెలలకు 5.8. బరువు 91 నుంచి 82కు, నడుము 108 నుంచి 96కు తగ్గాయి. నేను ఎక్కువగా ఎదురుచూసిన అంకె ఎనిమిదో నెల ఐజీఎఫ్-1. ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందు 118గా ఉన్నది, మధ్యలో 412కు ఎగబాకి, ఇప్పుడు ఏ సూదీ లేకుండా 154 దగ్గర నిలిచింది. ఏడాదికి తీసిన ఎంఆర్ఐలో ఆ 4 మిల్లీమీటర్ల మచ్చ అలాగే ఉంది. హార్మోన్లు సరిగా ఉన్నాయి కనుక దాని జోలికి వెళ్లడం లేదు; కొన్నాళ్ల తర్వాత మరోసారి చూస్తాము.

మా కేస్ షీట్‌లో ‘మందులు’ అన్న గడి కింద ‘సూదులు, పొడులు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి’ అని ఇంకొక గడి అచ్చు వేయించాను. దానికి ఎదురుగా సిరంజి మూత రంగు కూడా రాస్తున్నాము.

ఆయన వదిలి వెళ్లిన డబ్బాలో పొడి కలపని సీసాలు రెండు ఉన్నాయి. తర్వాతి విజిట్‌లో ఆయన కాస్త సంకోచిస్తూ ఒక సంగతి చెప్పారు: వాటిని మేనల్లుడికి ఇద్దామనుకున్నారట. చెల్లెలి కొడుక్కి 14 ఏళ్ల 4 నెలలు, ఎత్తు 148 సెంటీమీటర్లు, తరగతిలో మొదటి వరుసలో నిలబెడుతున్నారని పిల్లవాడు బాధపడుతున్నాడు. ముందు తీసుకురండి, చూస్తాను అన్నాను. ఎడమ చేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు పన్నెండున్నర ఏళ్లే ఉంది. యుక్తవయసు లక్షణాలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. వాళ్ల నాన్న కూడా ఇంటర్‌లో చేరాకే పొడుగయ్యారట. రక్తపరీక్షలు సరిగా ఉన్నాయి. ఏ మందూ రాయకుండా, ఆరు నెలలకు రమ్మని పంపాను. ఆ వయసులో సెక్స్ హార్మోన్లు పెరిగేకొద్దీ గ్రోత్ హార్మోన్ వంతులు వాటంతట అవే పెద్దవవుతాయి. ఆరు నెలల తర్వాత చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలిస్తే 151.6 సెంటీమీటర్లు వచ్చింది. మేనమామ ఆ అంకెను ఫోన్‌లో రాసుకుని, తర్వాతి అపాయింట్‌మెంట్ తనే తీసుకున్నారు.